ముందు పార్సెల్ కట్టి చూడండి

ఆన్‌లైన్‌లో ఏదో అమ్ముదామనుకుంటున్నానని నలుగురిలో అనండి చాలు, మొదట వచ్చే ప్రశ్న "ఏ ప్లాట్‌ఫాం?" అనే. ఏం అమ్ముతావు, ఎవరు కొంటారు, దారిలో పగిలితే ఎవరు భరిస్తారు అని అడిగేవాళ్ళు అరుదు. షాపిఫై అని ఒకరు, వూకామర్స్ అని ఇంకొకరు, ఈ గోలంతా ఎందుకు అమెజాన్‌లో పడెయ్ అని మరొకరు. సరైన ప్లాట్‌ఫాం దొరికితే వ్యాపారం సగం గట్టెక్కినట్టేనని, తప్పుది పట్టుకుంటే మునిగినట్టేనని అందరికీ ఒక నమ్మకం. అమ్మకం మొదలవకముందే కొట్టు ఏ సాఫ్ట్‌వేర్‌తో కట్టాలని నెలల తరబడి తర్జనభర్జన. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఈ చర్చ ఇంత జోరుగా ఎందుకు సాగుతోందో కూడా చూడాలి. కొత్త దుకాణదారుణ్ణి తీసుకొచ్చినవాళ్ళకి చాలా ప్లాట్‌ఫాంలు కమీషన్ ఇస్తాయి. పోలిక పట్టికలు తయారుచేసి, కింద లింకు పెట్టే సలహాదారుల్లో ఆ కమీషన్ తీసుకునేవాళ్ళు తక్కువేం కాదు. పార్సెల్ గట్టిగా కట్టమని చెబితే ఎవరికీ పైసా రాదు.

పూతరేకుల సంగతే తీసుకోండి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. గోదావరి జిల్లాల్లో ఇంట్లో చేసి అమ్మే ఆడవాళ్ళలో చాలామంది కన్ను హైదరాబాద్ మీదే. ఒక డబ్బాలో సరుకు ముప్పావు కేజీ ఉందనుకుందాం. నలగకుండా చుట్టూ మెత్తటి కాగితం దట్టించి, 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 15 ఎత్తున్న అట్టపెట్టెలో పెట్టారు. కొరియర్ వాళ్ళు తూకం ఒక్కటే చూడరు. పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి మామూలుగా 5000తో భాగిస్తారు, అది తూకం కన్నా ఎక్కువైతే బిల్లు దానికే. ఈ పెట్టెకి 1.8 వస్తుంది. పెట్టెలో ముప్పావు కేజీ ఉన్నా బిల్లు పడేది 1.8 కేజీలకి, రేటు అర కేజీ శ్లాబుల్లో ఉంటే రెండు కేజీలకి. పెట్టె చిన్నది చేస్తే రేకులు పొడి అవుతాయి. పెద్దది చేస్తే లాభం పొడి అవుతుంది. ఈ ముడి ఏ ప్లాట్‌ఫాం విప్పుతుంది?

ఇంకో చిక్కుంది. 2014 తర్వాత హైదరాబాద్ పక్క రాష్ట్రం. పన్ను పడే సరుకును రాష్ట్రం దాటించి అమ్మితే, హస్తకళల వంటి కొన్ని మినహాయింపులు తప్ప, అమ్మకం ఎంత చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిందే. 2023 అక్టోబర్ 1 నుంచి అమెజాన్ వంటి మార్కెట్‌ప్లేస్‌లలో చిన్నవాళ్ళకిచ్చిన సడలింపు సొంత రాష్ట్రంలో అమ్మే సరుకుకే. అంటే రాజమండ్రి కొనుగోలుదారుకీ కూకట్‌పల్లి కొనుగోలుదారుకీ మధ్య ఒక చట్టమే అడ్డుగోడ. దాంతోపాటు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు కావాలి, డబ్బా మీద లేబులు కావాలి. సైట్ రంగు ఏదైతే బాగుంటుందనేది ఆ తర్వాతి మాట.

చేనేత చీరలది మరో కథ. ఈ సాఫ్ట్‌వేర్లన్నీ స్టాకు అనే ఊహ మీద కట్టినవి: ఒకే వస్తువు వంద ఉంటుంది, ఒకసారి ఫొటో పెడితే వందసార్లు అమ్ముడవుతుంది. ఉప్పాడ జాందానీ అలా కాదు. మగ్గం దిగిన చీర ఒక్కటే. దానికి ఫొటోలు తీసి, వివరం రాసి, బరువు, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ అన్నీ నింపేది ఒక్క అమ్మకం కోసం. నింపేలోపే ఆ చీర వాట్సాప్ గ్రూపులో పోతుంది! కొనేవాళ్ళు కూడా "అక్కా, పల్లు ఒకసారి వెలుతురులో చూపించండి" అంటారు. వీడియో కాల్‌లో రంగు చూసి కొన్న చీర తక్కువగా వెనక్కొస్తుంది. ఈ పద్ధతిని చిన్నచూపు చూడ్డం మన సలహాదారులకి అలవాటైపోయింది. సొంత సైట్ ఉంటేనే బ్రాండ్ అట. సైట్ పెట్టగానే దాని ముందు వీధి పుట్టుకురాదు. జనాన్ని అక్కడికి రప్పించాలంటే ప్రకటనలు కొనాల్సిందే.

క్యాష్ ఆన్ డెలివరీ లెక్క కూడా వేసి చూద్దాం. 1,200 రూపాయల చీరకి పోను 90, రాను 90 రూపాయలు అనుకుంటే, పది పంపితే రెండు "మేం ఆర్డర్ పెట్టలేదండీ" అంటూ తిరిగొచ్చాయనుకోండి. ఆ రెంటికే 360 రూపాయలు గాలికి. తిరిగొచ్చినదాని మడత చెడి ఉంటే ఆ నష్టం వేరు. ఇప్పుడు జనం తలలు బద్దలు కొట్టుకునే ఫీజు చూడండి. షాపిఫై సొంత పేమెంట్ పద్ధతి మన దేశంలో లేదు కాబట్టి, బయటి గేట్‌వే వాడినందుకు బేసిక్ ప్లాన్‌లో అదనంగా 2 శాతం తీసుకుంటారు. మిగతా ఎనిమిది చీరలకి డబ్బు ముందే ఆన్‌లైన్‌లో కట్టి ఉంటే ఆ 2 శాతం 192 రూపాయలు. నెలనెలా ప్లాన్ అద్దె, గేట్‌వే చార్జీ వేరే ఉంటాయి, కాదనను. కానీ 192 మీద వంద వీడియోలున్నాయి. 360 మీద ఎన్ని చూశారు?

"తర్వాత మారడం కష్టం, అందుకే మొదటే సరైనది ఎంచుకోవాలి" అనేది ఎదుటి పక్షంలో బలమైన వాదన. మారడం కష్టమన్నది నిజం. మొదటే సరిగ్గా ఎంచుకుంటే ఆ కష్టం తప్పుతుందనేదే అబద్ధం. ఒకప్పుడు పెద్ద దుకాణాలకి మెజెంటోయే సరైనదన్నారు. దాన్ని 2018లో అడోబీ కొనేసింది. 2020 జూన్‌లో మెజెంటో-1కి అధికారిక మద్దతు ఆగిపోయింది. ఏరికోరి ఎంచుకున్నవాళ్ళు కూడా భద్రతా సవరణలు లేకుండా నెట్టుకురావడమో, కొత్తగా కట్టుకోవడమో చేయాల్సొచ్చింది. షాపిఫై పుట్టుక కూడా ఈ వాదనకి ఎదురే. టోబీ లూట్కే 2004లో స్నోబోర్డులు అమ్మడానికి కొట్టు పెట్టి, ఉన్న సాఫ్ట్‌వేర్లు నచ్చక సొంతంగా రాసుకున్నాడు. 2006లో ఆ సాఫ్ట్‌వేరే షాపిఫై అయింది. తనకేం కావాలో ఆయనకి తెలిసింది సరుకు అమ్మబోయినప్పుడే.

మొబైల్ కవర్లు, చార్జింగ్ వైర్లు అమ్మేవాళ్ళకి ఈ గొడవ లేదు. అలాంటి సరుకు ఎవరి దగ్గరైనా ఒకటే, జనం వెతికేది మార్కెట్‌ప్లేస్‌లోనే, అక్కడే పెట్టుకోవాలి. పచ్చళ్ళు, పూతరేకులు, చీరలు వేరు. వాటికి బతుకు రెండోసారి కొనే మనిషి. మార్కెట్‌ప్లేస్‌లో కొన్న మనిషి ఫోన్ నంబరు మామూలుగా మీ చేతికి రాదు. రేపు ఆవకాయ కొత్తది పెట్టామని ఆ మనిషికి చెప్పే దారే ఉండదు.

వాట్సాపే శాశ్వతమని నా వాదన కాదు. రోజుకి ముప్పై ఆర్డర్లు దాటితే నోట్‌బుక్‌లో రాసుకోవడం కుదరదు, ఎవరికి ఏది పంపామో తప్పిపోతుంది. అప్పటికి ఏ ఊరికి ఏ కొరియర్ సరిగ్గా వెళ్తుందో, ఎంత సరుకు వాపసొస్తుందో, ఎవరు మళ్ళీ కొంటారో మీకే తెలిసి ఉంటుంది. అప్పుడు ఎంచుకోండి. సైట్ చూసుకునే మనిషి దగ్గరుంటే వూకామర్స్, లేకపోతే షాపిఫై. ఒక పూటలో తేల్చుకోవచ్చు. సైట్ కట్టే కుర్రాడు డొమైన్‌ని తన పేరుతో కొనేయకుండా మాత్రం చూసుకోండి. అది మీ ఈమెయిల్ మీదే ఉండాలి, ఆర్డర్ల ఫైలు నెలకోసారి మీ కంప్యూటర్‌లోకి దింపుకోవాలి.