నాలుగు డిస్కులు, ఒక లెక్క

పెళ్లిళ్ల సీజన్ ముగిసేసరికి ఓ మోస్తరు ఫొటో స్టూడియోలో టెరాబైట్ల కొద్దీ వీడియోలు పోగుపడతాయి. ఆడిటర్ ఆఫీసు, స్కానింగ్ సెంటర్, చిన్న పత్రిక... అందరికీ ఇదే అవస్థ. దుకాణదారు చూపే దారి కూడా అందరికీ ఒకటే: నాలుగు హార్డ్ డిస్కులు పట్టే పెట్టె. ''రెయిడ్-5లో పెట్టిస్తాను. ఒక డిస్కు పోయినా డేటాకు ఢోకా లేదు. మూడు డిస్కుల జాగా మీదే'' అంటాడు. అతను చెప్పేది అబద్ధం కాదు. కాకపోతే అసలు చిక్కు డిస్కు పోయిన తర్వాత మొదలవుతుంది.

రెయిడ్ అనే పేరు 1980ల చివర్లో పుట్టింది. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ తమ పరిశోధన పత్రంలో పెట్టిన పేరది. ఖరీదైన పెద్ద డిస్కు బదులు చవక డిస్కులు కొన్ని కలిపి వాడుకోవచ్చన్నది వారి వాదన. అందులోని 'ఐ' అక్షరానికి అప్పట్లో 'చవక' అని అర్థం. తర్వాత అది 'స్వతంత్ర'గా మారింది. అమ్మేవారికి చవక అన్న మాట రుచించలేదేమో!

రెయిడ్-5 కిటుకు చాలా సులువు. 7, 5, 9 అని మూడు అంకెలున్నాయి. మొత్తం 21 అని నాలుగోచోట రాసుకున్నారు. 5 చెరిగిపోతే 21లోంచి మిగతావి తీసేస్తే సరి. డిస్కుల్లోనూ దాదాపు ఇదే లెక్క. ఆ 'మొత్తాన్ని' పారిటీ అంటారు. అయితే ఒక్క అంకె తిరిగి రావాలంటే మిగతావన్నీ తప్పు లేకుండా చదవాల్సిందే.

చిక్కంతా అక్కడే. మీవి 4 టెరాబైట్ల డిస్కులు నాలుగు అనుకోండి. ఒకటి పోయి కొత్తది పెడితే, మిగిలిన మూడింటినీ మొదటి నుంచి చివరిదాకా, అంటే 12 టెరాబైట్లు చదవాలి. మామూలు డిస్కులకు చాలామంది తయారీదారులు ఇచ్చే హామీ, చదవలేని చోటు 12.5 టెరాబైట్లకు ఒకటికి మించదని. వాస్తవంలో చాలా డిస్కులు అంతకంటే నయంగానే పనిచేస్తాయి. కానీ హామీ మాత్రం అంతే. పైగా సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో, మరే పనీ లేకుండా సాగినా కొత్త డిస్కు నిండడానికి ఏడు గంటలు దాటుతుంది. 16 టెరాబైట్లదైతే సెకనుకు 200 చొప్పున రాసినా 22 గంటలు. అంతసేపూ ఒకే తేదీన కొన్న, ఒకే వయసున్న మిగతా డిస్కులు రొప్పుతూ పరుగెత్తాలి. ఈలోగా ఇంకోటి మూలనపడితే మొత్తం పోయినట్టే.

అందుకే పెద్ద డిస్కులతో రెయిడ్-5 వద్దనే చెబుతాను. రెయిడ్-6లో ఏ రెండు డిస్కులు పోయినా డేటా నిలుస్తుంది. రెయిడ్-10లో డిస్కులు జంటలుగా ఉంటాయి. ఒకటి పోతే దాని జోడీని చదివితే చాలు. కానీ ఆ జోడీ కూడా పోతే చేయగలిగిందేమీ లేదు. నాలుగు డిస్కుల పెట్టెలో రెండింటికీ దక్కేది 8 టెరాబైట్లే. పెద్ద పెద్ద వీడియోలు దాచే స్టూడియోకు రెయిడ్-6 మేలు. నిమిషానికో బిల్లు రాసే డేటాబేస్‌కు రెయిడ్-10 చురుగ్గా ఉంటుంది. చిన్న చిన్న మార్పులకల్లా పారిటీని తిరగరాయడం రెయిడ్-6కు భారం.

వీటిలో ఏదీ బ్యాకప్ కాదు. పొరపాటున ఫైలు చెరిపేస్తే రెయిడ్ అన్ని డిస్కుల్లోంచీ నమ్మకంగా చెరిపేస్తుంది. గిట్‌ల్యాబ్ సంస్థలో 2017 జనవరి 31న జరిగింది ఇలాంటిదే. ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. తీరా చూస్తే బ్యాకప్ ఏర్పాట్లు చాలావరకు పనిచేయడం లేదు. సుమారు ఆరు గంటల డేటా దక్కకుండా పోయింది. కాబట్టి రెయిడ్-6లో పోయే జాగా గురించి బేరమాడే ముందు, వేరే చోట ఉంచే విడి ప్రతికి డబ్బు పక్కన పెట్టండి.

ఇక పెట్టె ఇంటికి రాగానే వెంటనే నింపేయకండి. ఓ నాలుగు పనికిరాని ఫైళ్లు వేసి, ఒక డిస్కు లాగేసి, ఖాళీది పెట్టి చూడండి. హెచ్చరిక మీ ఫోనుకు వచ్చిందా? తిరిగి నిండడానికి ఎన్ని గంటలు పట్టింది? ఆ సంఖ్యను పెట్టె మీదే రాసి అంటించండి.