వాన రాకముందే గాదె కట్టాలి

పెన్నలో నీళ్లు ఎప్పుడొస్తాయో కమలాపురంలో ఎవరూ గట్టిగా చెప్పలేరు. పాపాఘ్ని వచ్చి పెన్నలో కలిసేది ఆ పక్కనే. అయినా ఏడాదిలో ఎక్కువ రోజులు కనిపించేది ఇసుకే. అలాగని రైతు చేతులు ముడుచుకుని కూర్చోడు. వాన పడకముందే గొర్రు, గుంటక బాగుచేయించుకుంటాడు. విత్తనాలు సిద్ధం చేసుకుంటాడు. అదును దాటాక అన్నీ సమకూరినా లాభం లేదని అతనికి తెలుసు.

ఐరోపా శాస్త్రవేత్తలు ఇప్పుడు చేస్తున్నదీ ఇదే. వాళ్లు ఎదురుచూస్తున్న 'వాన' 2035కు ముందు మొదలయ్యేది కాదు. అది ఆకాశం నుంచి రాబోయే గురుత్వ తరంగాల సమాచారం. దాన్ని పట్టే ఉపగ్రహాలు ఇంకా నేల మీదే తయారవుతున్నాయి. కానీ వచ్చిన సమాచారాన్ని లెక్కగట్టే కేంద్రానికి ప్రణాళికలు మాత్రం జోరుగా సాగుతున్నాయి. 'ఆలు లేదు, చూలు లేదు...' అని సామెత గుర్తొస్తోందా? నవ్వుకునే ముందు ఈ హడావుడి ఎందుకో చూడండి.

మంచం మీద కుదుపు

నవారు మంచం మీద ఒకరు ఇటు నుంచి అటు దొర్లితే రెండో చివర కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. విశ్వంలోనూ అంతే. రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి ఢీకొంటే ఆ కుదుపు అలలా అన్నివైపులకూ వ్యాపిస్తుంది. ఐన్‌స్టీన్ 1916లోనే ఈ మాట చెప్పాడు. దాన్ని నేరుగా పట్టుకోవడానికి దాదాపు వందేళ్లు పట్టింది. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని 'లైగో' పరికరాలు తొలి అలను గుర్తించాయి. అది 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చింది. ఆ కృషికి 2017లో నోబెల్ బహుమతి దక్కింది.

అయితే నేలమీది పరికరాలకు ఒక చిక్కుంది. గూడ్సు బండి వేగంగా వెళ్తే స్టేషను పక్క ఇళ్లలో గిన్నెలు గలగలమంటాయి. రైళ్లు లేకపోయినా భూమి నిత్యం సన్నగా వణుకుతూనే ఉంటుంది. సెకనుకు పదులు, వందల సార్లు ఊగే అలలను లైగో పట్టగలదు. నిమిషాలు, గంటలు తీసుకుని మెల్లగా ఊగేవి ఆ వణుకులో కలిసిపోతాయి. లక్షల సూర్యుళ్ల బరువుండే భారీ కృష్ణబిలాలు పంపేవి సరిగ్గా ఆ మెల్లని అలలే!

అందుకే అంతరిక్షం. 2024 జనవరి 25న ఐరోపా అంతరిక్ష సంస్థ 'లీసా' ప్రయోగానికి పచ్చజెండా ఊపింది. మూడు ఉపగ్రహాలు త్రిభుజంలా నిలబడి సూర్యుడి చుట్టూ తిరుగుతాయి. ఒకదానికొకటి 25 లక్షల కిలోమీటర్ల దూరం. ఒకటి పంపిన లేజర్ కాంతి మరోదాన్ని చేరడానికే ఎనిమిది సెకన్లకు పైగా పడుతుంది.

చిన్న మూట.. పెద్ద చిక్కు

మరి రోజూ సమాచారం గుట్టలుగా వచ్చిపడుతుందా? లేదు. ఒకరోజు సమాచారం మామూలు సెల్‌ఫోనులో పట్టేస్తుంది. కష్టం దాని పరిమాణంలో లేదు, చిక్కులో ఉంది.

ఉరుసు రోజు రాత్రి ఊరి మధ్య నిలబడితే కవ్వాలీ, మైకులు, బొమ్మలబూరలు, అమ్మకందార్ల కేకలు అన్నీ ఒకేసారి చెవిన పడతాయి. లీసా పరిస్థితీ అంతే. మన పాలపుంతలోనే జంటలుగా తిరిగే శ్వేత మరుగుజ్జు నక్షత్రాలు కోట్లలో ఉన్నాయి. వాటిలో కొన్ని వేల జంటలను విడివిడిగా గుర్తించవచ్చని అంచనా. మిగతావన్నీ కలిసి ఒకటే హోరు. ఆ హోరులోనే భారీ కృష్ణబిలాల అలలూ కలిసి వస్తాయి. ఒకదాన్ని తేల్చాలంటే పక్కవన్నీ తేలాలి. ఉమ్మడి కుటుంబం పద్దులో ఒకరి ఖర్చు మారిస్తే అందరి వాటాలూ మారినట్టు, ఇక్కడ ఒక్క అంకె మారితే మొత్తం లెక్క మళ్లీ చూసుకోవాలి.

ఇంకో ఇబ్బంది లేజర్లది. వాటికి సహజంగా ఉండే తొణుకు, వెతుకుతున్న అల కంటే కోటి రెట్లకు పైగా పెద్దది. నేలమీద రెండు బాహువులను సమాన పొడవులో ఉంచి ఆ తొణుకును రద్దు చేస్తారు. అంతరిక్షంలో ఉపగ్రహాల మధ్య దూరాలు మారుతూనే ఉంటాయి. కాబట్టి కొలతలన్నీ భూమికి చేరాక, కాలాలను సరిగ్గా ముందువెనకలు జరిపి కలిపితేనే ఆ తొణుకు పోతుంది. ఈ కిటుకుకు పకడ్బందీ గణితం సమకూర్చినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. పుణెలోని 'అయుకా' శాస్త్రవేత్త సంజీవ్ ధురంధర్, రాజేశ్ నాయక్, ఫ్రాన్స్‌కు చెందిన వినే కలిసి 2002లో దీనిపై పరిశోధనా పత్రం ప్రచురించారు.

అంటే ఈ ప్రయోగంలో కంప్యూటర్ ప్రోగ్రాము కూడా పరికరంలో ఒక భాగమే. అది సిద్ధంగా లేకపోతే ఉపగ్రహాలు ఎంత బాగా పనిచేసినా చేతికొచ్చేది రొద మాత్రమే.

ముందుగానే పరీక్షలు

ఈ లెక్కల కేంద్రానికి ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ నాయకత్వం వహిస్తోంది. కేంద్రమంటే ఒకే భవనం కాదు. అనేక ఐరోపా దేశాల్లోని కంప్యూటర్ కేంద్రాలు పనిని పంచుకుంటాయి. నాసా తన వంతుగా వేరే ఏర్పాటు చేసుకుంటోంది. ఒకే లెక్కను ఇద్దరు విడిగా చేస్తే తప్పు దొరుకుతుంది కదా!

ప్రణాళికలో ప్రశ్నలకు కొదవ లేదు. ఇవాళ కొన్న కంప్యూటర్లు 2035కు పాతబడిపోతాయి. కాబట్టి ఏ యంత్రం మీదైనా నడిచేలా ప్రోగ్రాములు రాసుకోవాలి. సమాచారం మధ్యమధ్యలో తెగిపోతే ఏం చేయాలి? రెండు భారీ కృష్ణబిలాలు కలవబోతున్నాయని తెలిస్తే, మిగతా టెలిస్కోపులు అటు తిరిగేలా ఎంత త్వరగా కబురు పంపాలి? ఇవన్నీ ముందే తేలాలి. అందుకే 2006 నుంచీ ఉత్తుత్తి పరీక్షలు జరుగుతున్నాయి. కంప్యూటర్‌తో సృష్టించిన సమాచారంలో సంకేతాలను దాచిపెట్టి వెతకమంటారు. అసలు పరీక్ష రోజున తడబడకూడదనే ఈ సాధన.

భాగస్వాములు మధ్యలో తప్పుకొనే ప్రమాదమూ ఉంది. 2011లో డబ్బు చాలక నాసా ఈ ప్రయోగం నుంచి వైదొలగింది. ఐరోపా పట్టు వదల్లేదు. 2015 డిసెంబరులో చిన్న ప్రయోగాత్మక ఉపగ్రహాన్ని పంపి, పద్ధతి పనిచేస్తుందని నిరూపించింది. నాసా మళ్లీ వచ్చి చేరింది.

హైదరాబాద్ చెప్పిన పాఠం

దేశదేశాలు ఆకాశాన్ని పంచుకుని లెక్కగట్టడం తెలుగు నేలకు కొత్త కాదు. మొత్తం ఆకాశాన్ని ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేయాలని 1887లో పారిస్‌లో తీర్మానించారు. సుమారు ఇరవై వేధశాలలు ఒక్కో ముక్క తీసుకున్నాయి. అప్పుడూ కొందరు మధ్యలో చేతులెత్తేశారు. చిలీలోని శాంటియాగో వదిలేసిన భాగాన్నీ, జర్మనీలోని పోట్స్‌డామ్ వదిలేసిన దాంట్లో కొంతనూ భుజానికెత్తుకున్నది హైదరాబాద్ నిజామియా వేధశాల. 1917 నుంచి 1946 దాకా 12 సంపుటాలు వెలువరించింది. నమోదైన నక్షత్రాలు ఏడు లక్షలకు పైనే. కంప్యూటర్లు లేని రోజుల్లో ఒక్కో చుక్క స్థానాన్నీ మనుషులే కొలిచి రాశారు.

ఆ కష్టం బీరువాల్లో మగ్గిపోయిందా? లేదు. 1989లో ఐరోపా పంపిన హిప్పార్కస్ ఉపగ్రహం నక్షత్రాల కొత్త స్థానాలు కొలిచింది. అవి కాలక్రమంలో ఎంత కదిలాయో తెలియాలంటే పాత స్థానాలు కావాలి. అప్పుడు ఆదుకున్నది ఆ పాత పట్టికలే. 2000లో వెలువడిన 'టైకో-2' పట్టికలో 25 లక్షల నక్షత్రాల కదలికలను తేల్చడానికి, మిగతా వేధశాలల కొలతలతో పాటు హైదరాబాద్ కొలతలూ పనికొచ్చాయి. అందరూ ఒకే పద్ధతికి కట్టుబడి, శ్రద్ధగా రాసి దాచడం వల్లే అది సాధ్యమైంది.

ఇప్పుడు మన వంతు మళ్లీ వస్తోంది. మహారాష్ట్రలోని హింగోలి జిల్లా ఔంఢాలో 'లైగో-ఇండియా' నిర్మాణానికి కేంద్రం 2023 ఏప్రిల్‌లో రూ.2,600 కోట్లు మంజూరు చేసింది. ఒకప్పుడు నిజాం ఏలుబడిలో ఉన్న ప్రాంతమే అది. అక్కడి సమాచారాన్ని విశ్లేషించడానికీ గణితం, భౌతికశాస్త్రం, ప్రోగ్రామింగు మూడూ తెలిసినవాళ్లు కావాలి. అలాంటివాళ్లు ఒక్కరోజులో తయారవరు.

ఇవాళ కమలాపురం బడిలో ఎనిమిదో తరగతి చదివే పిల్లలు లీసా ఎగిరేనాటికి ఉద్యోగాల వయసుకొస్తారు. లైగో సమాచారం ఇప్పటికే ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితం. దాన్ని తెరిచి సాధన చేయడానికి పెద్ద నగరంలోనే ఉండాలన్న నియమమేం లేదు. కావలసిందల్లా బడిలో పనిచేసే కంప్యూటరు, లెక్కలంటే భయం పోగొట్టే మాస్టారు, 'ఈ చదువుతోనూ బతుకుంది' అని చెప్పే తల్లిదండ్రులు. గాదె కట్టుకోవాల్సిన అదును ఇదే.