మస్కట్ దగ్గర, చర్ల దూరం

మా నాన్నకి హైదరాబాదులో బైపాస్ అయినప్పుడు పక్క గదిలో మస్కట్ నుంచి వచ్చిన పెద్దాయన ఉండేవాడు. గుండె కవాటం మార్పించుకోడానికి వచ్చాడు. పొద్దున డాక్టర్ రౌండ్స్‌కి వచ్చేసరికి ఒక పాతబస్తీ కుర్రాడు అక్కడ సిద్ధంగా నిలబడి ఉండేవాడు. అరబ్బీ బాగా వచ్చు. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడం, వీసా కాగితాలు, వెంట వచ్చిన కొడుక్కి బస, డాక్టర్ మాట పెద్దాయనకి చెప్పడం, పెద్దాయన భయం డాక్టర్‌కి చెప్పడం, అన్నీ అతని డ్యూటీనే. ఆసుపత్రే జీతమిచ్చి పెట్టుకుంది. మా నాన్న బిల్లు నా కంపెనీ ఇన్సూరెన్స్ కట్టింది. కారిడార్‌లో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ఎక్కడెక్కడి వాళ్ళో గుండె బాగుచేయించుకోడానికి మన ఊరొస్తున్నారని నేను గర్వపడ్డాను.

ఆ గర్వం మీదే ఈ గొడవ.

గర్వానికి కారణాలు లేకపోలేదు. 2003లో లాహోర్ నుంచి బస్సులో వచ్చిన పసిపాపకి బెంగళూరులో గుండె ఆపరేషన్ చేసి పంపితే సరిహద్దుకి రెండువైపులా జనం మురిసిపోయారు. 2004లో అమెరికాలోని నార్త్ కరోలినా నుంచి ఇన్సూరెన్స్ లేని వడ్రంగి ఒకాయన ఢిల్లీ వచ్చి కవాటం ఆపరేషన్ చేయించుకున్నాడు. అక్కడ రెండు లక్షల డాలర్ల దాకా అవుతుందన్నారు. ఇక్కడ విమానం ఖర్చుతో కలిపి పదివేల డాలర్ల లోపే అయింది. ఆ కథ అమెరికా సెనేట్ కమిటీ దాకా వెళ్ళింది. అప్పట్నుంచీ మన పేపర్లలో, మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే పాట: మన దగ్గర గుండె ఆపరేషన్ చవక.

ఎవరికి చవక? లెక్క వేద్దాం. అప్పటి మారకం ప్రకారం పదివేల డాలర్లంటే దాదాపు నాలుగున్నర లక్షలు. 2024లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకి 300 రూపాయలు. 2004 నాటి ధరని 2024 కూలితో భాగిస్తున్నాను, అంటే ఆసుపత్రి పక్షాన్నే ఉండి లెక్కిస్తున్నాను. 1500 పనిదినాలు వస్తాయి. చట్టం హామీ ఇచ్చింది ఏడాదికి 100 రోజులు. తిండీ బట్టా మానేసి కూడబెడితే పదిహేనేళ్ళు. ఆ చెడిన కవాటం అంతకాలం ఆగదు.

ఇందులో ఆ వడ్రంగి మీద నాకు కోపం లేదు, మస్కట్ పెద్దాయన మీదా లేదు. సొంత దేశంలో గుండెకి దిక్కులేక సముద్రం దాటినవాడు కాందిశీకుడే. నా కోపం మన లెక్కల పుస్తకం మీద. 2002 జాతీయ ఆరోగ్య విధానం, విదేశీ రోగులు విదేశీ మారకంలో డబ్బు కట్టి చేయించుకునే వైద్యాన్ని ఎగుమతిగా పరిగణించి, ఎగుమతులకిచ్చే రాయితీలన్నీ ఇవ్వాలని చెప్పింది. అంటే ఖమ్మం యార్డు నుంచి పోయే మిర్చీ, హైదరాబాదులో చేసే గుండె ఆపరేషనూ ఒకే ఖాతాలో పడ్డాయి. ఎగుమతి సంగతి మా జిల్లావాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. మేలు కాయ లారీ ఎక్కుతుంది. తాలు మనకి మిగులుతుంది.

ఇక మా వైపు రండి. 'భద్రాచలం రోడ్' అని రైల్వే స్టేషన్ ఉంది. అది భద్రాచలంలో లేదు, నలభై కిలోమీటర్ల ఇవతల కొత్తగూడెంలో ఉంది. గోదావరి దాకా రైలు రాదు. 2014లో పోలవరం కోసం సరిహద్దు గీత మార్చారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాన్ని ఆనుకునే ఉన్న ఎటపాక ఆంధ్రాలోకి పోయింది. 2022లో ఎటపాకని, కొండలన్నీ దాటితే గానీ రాని పాడేరు కేంద్రంగా పెట్టిన కొత్త జిల్లాలో కలిపారు. శబరి ఒడ్డున కొంటా ఛత్తీస్‌గఢ్‌ది. చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో 2005 తర్వాత సల్వాజుడుం గొడవలకి బస్తర్ వదిలి వచ్చిన గొత్తికోయల గుడిసెలున్నాయి. జ్వరమొచ్చినా, నొప్పులొచ్చినా వీళ్ళంతా చేరేది భద్రాచలానికే. ఇక్కడ వైద్యం కోసం పరాయి ప్రభుత్వం గడ్డకి పోవడమంటే ఒక్కోసారి రోడ్డు దాటడమే. దానికి వీసా ఇచ్చేవాడు లేడు, ఎదురొచ్చి తీసుకెళ్ళేవాడూ లేడు.

మా పనిలో 'ఎడ్జ్ కేస్' అని ఒక మాటుంది. అందరికీ నడిచే సాఫ్ట్‌వేర్ అంచున ఉన్న ఒక్కడికి నడవకపోతే, తర్వాతి రిలీజ్‌లో చూద్దాంలే అని టికెట్ మూసేస్తాం. ఈ అడివి అంచు మొత్తం అలా మూసేసిన టికెట్టే.

మూడేళ్ళ కింద మా పిన్నిని చూడ్డానికి భద్రాచలంలో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. మెట్ల దగ్గర ఒక కోయాయన, పక్కన పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్ల. నాలుగు మెట్లెక్కి ఆగి ఊపిరి తీసుకుంటోంది. "సారూ, ఇది జర సదివి పెట్టు" అని కాయితం చేతికిచ్చాడు. ఇంగ్లీషులో మూడు ముక్కలు రాసుంది: రుమాటిక్ గుండె జబ్బు, మైట్రల్ కవాటం, హైదరాబాద్ తీసుకెళ్ళాలి. ఆ డాక్టర్ తప్పేం లేదు. వందమంది క్యూలో ఉన్నా చెస్ట్ మీద స్టెత్ పెట్టి జబ్బు సరిగ్గానే పట్టుకున్నాడు. "గుండె జబ్బన్నా, హైదరాబాద్ పోవాలంట" అన్నాను. ఆయనకి తెలుగు అంతంత మాత్రం. 'హైదరాబాద్' అన్నది ఒక్కటే అర్థమైనట్టుంది. కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు బస్సు టైమైంది.

ఆ జబ్బు సంగతి తర్వాత చదువుకున్నాను. చిన్నప్పుడు గొంతునొప్పిగా మొదలవుతుంది. దానికి మందు పడకపోతే కొందరు పిల్లల్లో కీళ్ళు వాచే జ్వరంగా మారి, మెల్లగా కవాటాన్ని తినేస్తుంది. ఆ జ్వరాన్ని మొదట్లోనే గుర్తుపట్టి మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ సూది ఏళ్ళ తరబడి వేయిస్తే చాలామందికి కవాటం మార్చే అవసరమే రాదు. లోహపు కవాటం పెట్టాక కూడా కథ అయిపోదు. రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి, తరచూ రక్తపరీక్షతో మోతాదు సరిచూసుకోవాలి. ఆకుకూరలు ఒక్కసారిగా ఎక్కువ తిన్నా ఆ మందు బలం తగ్గొచ్చు. తొలకరి పడ్డాక అడివంతా ఆకుకూరే అయిన చోట ఈ ఒక్క ముక్క అర్థమయ్యేలా చెప్పకపోతే లక్షల ఆపరేషన్ గోదాట్లో పోసినట్టే.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. ఉంది, నేను కాదనను. 2007లో మొదలైన ఆ పథకం మా ఊళ్ళో కూడా గుండెలు నిలబెట్టింది. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో పరిమితి పది లక్షలకి పెంచారు. కేంద్రం కార్డు రాష్ట్రాలు దాటి కూడా చెల్లాలన్నది నియమం. ఖమ్మం ప్రభుత్వాసుపత్రికి 2022లో క్యాత్ ల్యాబ్ వచ్చింది. ఇవన్నీ మంచివే. కానీ కార్డు బిల్లు కడుతుందే తప్ప, చేయిపట్టుకుని బస్సెక్కించదు. గుడిసెకి నంబరే లేనివాడికి కార్డెక్కడిది?

డాలర్లొస్తేనే కదా ఇక్కడి పేదలకి చేయగలిగేది అని ఇంకో వాదన. సరే, ఒప్పుకుందాం. అయితే ఆ డాలర్లతో చర్లకి ఏమొచ్చిందో చూపించండి. మస్కట్ పెద్దాయనకి అరబ్బీ దుబాసీ ఉన్నాడు. నేను తిరిగిన ఏ వార్డులోనూ కోయ దుబాసీ కనపడలేదు. ఈ పిల్లకి ఆ పెద్దాయనకంటే ఒక్క పిసరు ఎక్కువ అడగడం లేదు నేను. ఆయనకి చేసిందే ఈమెకీ చేయమంటున్నాను. భద్రాచలంలో ఐటీడీఏ ఉంది. కోయ వచ్చిన, చదువుకున్న పిల్లలు ఊరూరా ఉన్నారు. వాళ్ళకి జీతమిచ్చి ఆసుపత్రి గుమ్మం దగ్గర నిలబెట్టండి. హైదరాబాద్ రాసిన ప్రతి కాయితం వెనక ఒక మనిషిని పంపండి. పెన్సిలిన్ సూదికి ఊరివారీగా రిజిస్టర్ పెట్టండి. ఆపరేషన్ తర్వాత రక్తపరీక్ష భద్రాచలంలోనే జరగనివ్వండి. ఏ రాష్ట్రం కార్డు అని అడగడం పిల్ల ఊపిరి కుదుటపడ్డాక పెట్టుకోండి. ఇందులో రాకెట్ సైన్సేం లేదు. విదేశీ రోగుల కోసం రోజూ చేస్తున్న పనే.

మనం అనువాదాల మీద తెగ కొట్టుకుంటాం. ఒక లాటిన్ అమెరికన్ వాక్యం తెలుగులో సరిగ్గా పడలేదని నేనే రెండు పేజీలు రాశాను. అదే నేను ఆ మెట్ల మీద మూడు ఇంగ్లీషు ముక్కల్ని ఆ తండ్రికి అర్థమయ్యేలా చేయకుండానే బస్సెక్కాను. ఎవరినైనా కోయ వచ్చినవాళ్ళని పిలుద్దామన్న ఆలోచన కొత్తగూడెం దాటాక వచ్చింది. ఆ పిల్ల పేరు అడగలేదు. ఇప్పుడు ఉందో లేదో కూడా తెలీదు.