సముద్రానికి అష్టమి నాడు బయలుదేరండి

అవనిగడ్డ: కాల్వగట్టున పుట్టి, కాల్వలో ఈత నేర్చి, ఆ నీటితో పండిన అన్నం తిని పెరిగే డెల్టా పిల్లల్లో సముద్రం చూడనివారు నేటికీ చాలామంది ఉన్నారు. తిరుపతి చూసి వచ్చిన పిల్లవాడు ఇంటికి నలభై మైళ్లలో ఉన్న మంగినపూడి చూసి ఉండడు. సెలవులు వస్తే విశాఖపట్నమనీ అరకు అనీ ఖర్చు లెక్కలు వేసుకుని, చివరికి ఎక్కడికీ వెళ్లకుండా ఊరుకునే కుటుంబాలకు లెక్కలేదు. పక్కనే ఉన్న సముద్రం మాత్రం ఎవరికీ గుర్తురాదు.

గుర్తొచ్చేది ఏడాదికి రెండుసార్లు. కార్తీక పౌర్ణమికి మంగినపూడి, మాఘ పౌర్ణమికి హంసలదీవి. ఆ రోజున ఊళ్లకు ఊళ్లు ట్రాక్టర్ల మీద, ఆటోల్లో కదలిపోతాయి. తెల్లవారుజామున చంటిపిల్లలతో సహా నీళ్లలోకి దిగుతారు. పుణ్యానికి అది మంచిరోజే. కానీ పిల్లలకు సముద్రం చూపించడానికి సంవత్సరం మొత్తంలో అంతకంటే పనికిరాని రోజు మరొకటి లేదు.

కారణం ఆకాశంలోనే ఉంది. పౌర్ణమికి, అమావాస్యకు సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసకు వస్తాయి. అప్పుడు రెండింటి ఆకర్షణ కలిసి పోటు బాగా పైకి వస్తుంది, ఆటు బాగా కిందికి లాగుతుంది. సప్తమి, అష్టమి, నవమి రోజుల్లో సూర్యచంద్రుల లాగుడు అడ్డంగా పడి, ఎక్కేదీ తగ్గేదీ కూడా తక్కువగా ఉంటుంది. వేటకు వెళ్లే పల్లెకారులకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. విచిత్రమేమంటే, అష్టమి నాడు ప్రయాణమంటే పెద్దలు గడప దాటనివ్వరు. సముద్రం కాస్త నిదానించే రోజు ఇంట్లో కూర్చుని, అది పొంగే రోజు చూసి బయలుదేరడం డెల్టాలో అలవాటైపోయింది. పంచాంగం చూడవద్దని ఎవరూ అనరు. అదే పంచాంగాన్ని సముద్రం కోసం కూడా ఒకసారి చూడమనే చెప్పడం.

2004 డిసెంబరు 26వ తేదీ ఆదివారం, పైగా పున్నమి. మంగినపూడిలో స్నానాలు చేస్తున్నవారి మీదికి సునామీ అలలు వచ్చిపడ్డాయి. సునామీకి పున్నమితో సంబంధం లేదు, అది సుమత్రా దగ్గర భూకంపం వల్ల పుట్టింది. అయితే నీళ్లలో అంతమంది ఉండడానికి కారణం మాత్రం పున్నమే.

తిథి ఒక్కటే చాలదన్న మాట కూడా నిజం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వచ్చింది అమావాస్య వెళ్లిన ఎనిమిదో రోజున. వేలాది ప్రాణాలు తీసిన ఆ నీటికి తిథితో పని లేకపోయింది. కనుక తిథికంటే ముందు రుతువు చూడాలి. ఈ తీరానికి తుఫాన్లు ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, మళ్లీ మే నెలలో వస్తాయి. 1990 మేలో వచ్చిన తుఫాను, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ ఇందుకు ఉదాహరణలు. వేసవి సెలవుల్లో వెళదామనుకుంటే వడగాడ్పు కూడా తోడవుతుంది. సంక్రాంతి వెళ్లిన తర్వాత జనవరి చివరి నుంచి ఫిబ్రవరి అంతా ఎండ, గాలి రెండూ పిల్లలు తట్టుకునేలా ఉంటాయి. వరికోతల హడావుడి కూడా చాలా ఊళ్లలో తీరి ఉంటుంది. అష్టమికి అటో ఇటో పడిన ఒక శని, ఆదివారాలను ముందుగా గుర్తుపెట్టుకోవడమే సగం పని.

ఇక ఎలా వెళ్లాలన్నది. విజయవాడ వైపు వారు బందరుకు రైలు ఎక్కితే గుడివాడ, పెడన మీదుగా పోతుంది. కిటికీ పక్కన కూర్చున్న పిల్లలకు అదే సగం విహారం. పెడనలో దిగి కలంకారీ అద్దకం చూపించవచ్చు. కరక్కాయ నీటిలో ముంచిన గుడ్డమీద చెక్క అచ్చు గుద్దితే రంగు ఎలా పడుతుందో, ఆ గుడ్డను ఎన్నిసార్లు ఉడికించి ఉతుకుతారో ఒకసారి చూసిన పిల్లలు మరచిపోరు. బందరులో లడ్డు కొనడం, చిలకలపూడి పాండురంగని దర్శనం కాగానే సాయంత్రానికి మంగినపూడి. అక్కడ ఒడ్డు తెల్లగా కాక నల్లగా ఉండడం చూసి కొందరు పెదవి విరుస్తారు. కృష్ణమ్మ తరతరాలుగా మోసుకొచ్చి పోసిన ఒండ్రు వల్లే డెల్టా భూమి ఏర్పడింది. ఆ మాట పిల్లలకు చెబితే పుస్తకంలో చదివిన డెల్టా కాళ్ల కింద కనిపిస్తుంది.

రెండో దారి దివిసీమది. కూచిపూడి, ఘంటసాల, మోపిదేవి దాటి వస్తే పులిగడ్డ దగ్గర అక్విడెక్టు ఉంది. కింద కృష్ణ పాయ, పైన కాల్వ. నది మీదుగా నది నీళ్లే మరో దారిన దివిసీమ చేలకు పోతున్నాయి. 1855లో కాటన్ కాలంలో పూర్తయిన ఆనకట్ట, దాని బదులు 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజి పాఠాల్లో ఉంటాయి. పులిగడ్డ ఎందుకో ఉండదు. వ్యాను ఆపి పావుగంట ఇక్కడ నిలబడితే పిల్లలు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పలేక తండ్రులు ఇబ్బంది పడతారు. అది మంచి ఇబ్బందే. ఆ తర్వాత కోడూరు మీదుగా హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి, పాలకాయతిప్ప తీరం. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరంలో రాత్రిపూట గుడ్లు పెడతాయి. అటవీశాఖ వారు ఆ గుడ్లను కంచె కట్టి కాపాడి, నెలన్నర, రెండు నెలల్లో పొదిగిన పిల్లలను నీటిలోకి వదులుతుంటారు. బావురుపిల్లి తిరిగే మడ అడవులు కూడా ఈ చుట్టుపక్కలే.

రెండు దార్లూ ఒకే రోజు చుట్టేయాలనుకోవడం పొరపాటు. పొద్దుటి నుంచి తొమ్మిది గుళ్లు తిప్పి, వ్యానులో వాంతులు చేసుకున్న పిల్లలను చీకటిపడ్డాక సముద్రం ముందు నిలబెట్టి ‘చూడరా’ అంటే వారు ఏం చూస్తారు? ఈసారి ఒకటి, వచ్చే ఏడు మరొకటి.

ఖర్చు విషయానికొస్తే, వ్యాను మాట్లాడుకోకుండా బస్సులో పోయేవారికి భారం బాగా తగ్గింది. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్ర ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్టు లేదు. తల్లి, నాయనమ్మ, ఆడపిల్లలు ఉచితంగా ఎక్కితే మిగిలేది తండ్రి టికెట్టు, కొడుకు అరటికెట్టు. గుర్తింపు కార్డు మాత్రం దగ్గరుంచుకోవాలి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసింది ఈత సంగతి. కాల్వలో బాగా ఈదే కుర్రాళ్లే సముద్రంలో ఎక్కువ ధైర్యం చేస్తారు. కాల్వ ఒకవైపే పారుతుంది, రెండువైపులా గట్టు ఉంటుంది. సముద్రంలో ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి ఏదో ఒక సందులోంచి వెనక్కి పోవాలి. అలలు విరగకుండా నిమ్మళంగా కనిపించే చోటే ఆ సందు. పిల్లలు అలలకు భయపడి సరిగ్గా అక్కడికే చేరతారు. అది లాగినప్పుడు ఒడ్డుకు ఎదురీదితే ఎంతటివారైనా అలసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, లాగుడు తప్పిన తర్వాత ఒడ్డుకు తిరగాలి. ఒకరు కొట్టుకుపోతుంటే కాపాడబోయి మరొకరు దూకడం వల్లనే ఒక్క ఇంట్లో ఇద్దరేసి పోతున్నారు. దూకడానికి బదులు మోకో, గాలి నింపిన ట్యూబో, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బానో విసరాలి. ఇవి ఇంటి నుంచే తెచ్చుకోవచ్చు. పిల్లలను మోకాలి లోతు దాటనివ్వకూడదు, వారి చెయ్యి పట్టుకున్న పెద్దమనిషి ఫోను చూస్తూ ఉండకూడదు. నది కలిసే చోట అసలు దింపకూడదు. ఆటు వేళ అక్కడ నదీ ముఖంలోని నీరంతా ఒక్కపెట్టున సముద్రంలోకి లాగుతుంది. సంగమం కళ్లతో చూడవలసిందే గాని పిల్లలతో స్నానానికి కాదు. పుణ్యస్నానం చేయాలనుకునే ముసలివారికి ఒడ్డున కూర్చోబెట్టి చెంబుతో పోసినా సముద్రపు నీరు సముద్రపు నీరే.

అధికారులు ఆలోచించవలసింది కూడా కొంత ఉంది. పౌర్ణమి వచ్చిందంటే గజ ఈతగాళ్లు, మైకులు, పోలీసులు, ఆడవారు బట్టలు మార్చుకోవడానికి గదులు అన్నీ వస్తాయి. మర్నాడు అన్నీ పోతాయి. మామూలు ఆదివారం నాడు పిల్లలతో వచ్చిన కుటుంబం ఏ పాపం చేసింది? గోవాలో 2008 నుంచి తీరం వెంట లైఫ్‌గార్డులను జీతాలిచ్చి నిలబెడుతున్నారు. దిగకూడని చోట ఎర్రజెండా పాతుతున్నారు. అంత పెద్ద ఏర్పాటు ఇక్కడ ఇప్పుడే కాకపోయినా, శని, ఆదివారాల్లో ఈత తెలిసిన పల్లెకారు యువకులు నలుగురికి కూలి కట్టి నిలబెట్టడం, ఏ చోట దిగవచ్చో రెండు జెండాలతో హద్దు చూపడం పంచాయతీలకు అసాధ్యం కాదు. పండుగకు వేసే మరుగుదొడ్లను ఫిబ్రవరి ఆఖరుదాకా ఉంచితే తల్లులు, ఆడపిల్లలు పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగకుండా ఉండే బాధ తప్పుతుంది. తీరం నుంచి సాయంత్రం ఆఖరి బస్సు ఎన్ని గంటలకో బస్టాండులో ఒక బోర్డు రాసిపెట్టడానికి పెద్దగా ఖర్చు కూడా కాదు.