చిప్పుంది సరే... నంబరు మార్చారా?

పోయినవారం ఊరగాయ జాడీలకు బూజు పట్టకుండా ఏం చేయాలో చెప్పుకున్నాం. ఈవారం వంటింట్లోంచి కాస్త బయటికొచ్చి, గుమ్మం దగ్గర తోక ఊపుతూ కూర్చునే నేస్తం గురించి మాట్లాడుకుందాం. కుక్కపిల్లా, పిల్లీ లేనివాళ్ళు "మాకెందుకులే" అని పేజీ తిప్పేయకండి. మీ ఇంట్లో లేకపోయినా మీ అమ్మాయి ఇంట్లోనో, తోటికోడలి ఇంట్లోనో ఉండే ఉంటుంది.

ముందుగా నా తెలివితక్కువతనం చెప్పుకుంటాను. నవ్వకండేం!

మా బుజ్జి తెల్లటి పొమరేనియన్. మేం విజయవాడలో ఉండగా చిన్న పిల్లగా మా ఇంటికొచ్చింది. కాస్త పెరిగాక డాక్టరుగారు దానికి మైక్రోచిప్పు వేసి, ఒక ఫారం నింపమన్నారు. మావారు తన ఫోన్ నంబరు రాశారు. వాళ్ళిచ్చిన కార్డు తెచ్చి బీరువాలో పట్టుచీరల కింద పెట్టాను. మళ్ళీ దాని ముఖం చూస్తే ఒట్టు! తర్వాత మావారు రిటైరయ్యారు. మేం హైదరాబాద్ వచ్చేశాం. పాత నంబరుకు రీఛార్జి మానేసి కొత్తది తీసుకున్నారు. ఇల్లు మారగానే గ్యాస్ కనెక్షన్ మార్పించాను. ఆధార్‌లో అడ్రసు మార్పించాను. బ్యాంకుకూ, పాలవాడికీ, చివరికి చీటీల ఆవిడక్కూడా కొత్త నంబరు ఇచ్చాను. బుజ్జి సంగతి మాత్రం గుర్తే రాలేదు.

కిందటేడు దీపావళి రాత్రి ఎవరో మా గేటు ముందే లక్ష్మీబాంబు పేల్చారు. ఆ చప్పుడుకి బుజ్జి బెదిరిపోయి, తీసి ఉన్న గేటులోంచి దూసుకుపోయింది. ఆ పొగలో ఎటు పోయిందో తెలియలేదు. అర్ధరాత్రి దాకా చెప్పుల్లేకుండా వీధులన్నీ తిరిగాను. మర్నాడు మావారు కరెంటు స్తంభాలకు ఫొటోలు అంటించారు. నాలుగు రోజులు నాకు అన్నం సహించలేదంటే నమ్మండి. దాని పెరుగన్నం గిన్నె మాత్రం రోజూ కడిగి అక్కడే పెట్టేదాన్ని.

నిజానికి బుజ్జి ఆ తెల్లారే దొరికింది! మూడు వీధుల అవతల ఒక కాలేజీ అమ్మాయి చేరదీసి, పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ స్కానర్ పెట్టి చూస్తే చిప్పు నంబరు వచ్చింది. దాన్ని బట్టి మావారి పాత ఫోన్ నంబరూ వచ్చింది. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో తీసి, "రాంగ్ నంబరండీ, మాకసలు కుక్కే లేదు" అన్నారట. పాపం, ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది? ఇంటికి తీసుకెళ్ళి పాలుపోసి ఉంచింది. నాలుగో రోజు బట్టలివ్వడానికి వాళ్ళింటికి వెళ్ళిన ఇస్త్రీ బండి అతను చూసి, "ఇది ఫలానా అమ్మగారి బుజ్జి కదమ్మా!" అన్నాడు. అలా ఇల్లు చేరింది. పదిహేను అంకెల నంబరు చేయలేని పని ఇస్త్రీ బండి అతను చేశాడు. అతని కళ్ళబడకపోతే? తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

"మరి చిప్పు ఉంటే ఎక్కడున్నా తెలిసిపోతుంది కదా?" అని మా పక్కింటి వదినగారు అడిగారు. చాలామంది అలాగే అనుకుంటారు. నేనూ అనుకున్నాను. కానే కాదు. ఈ చిప్పు బియ్యపు గింజంత ఉంటుంది. మెడ వెనక, రెండు భుజాల మధ్య చర్మం కిందికి సూదితో ఎక్కిస్తారు. అందులో బ్యాటరీ ఉండదు. దానంతట అది ఏ కబురూ పంపదు. స్కానర్‌ని దగ్గరగా పెట్టినప్పుడు మాత్రం తనలో ఉన్న 15 అంకెల నంబరు చెబుతుంది. అంతే! మన పేరు, అడ్రసు, ఫోను ఏవీ అందులో ఉండవు. అవన్నీ ఆ నంబరును నమోదు చేసుకున్న సంస్థ దగ్గర ఉంటాయి. అక్కడ మనం ఏది రాయిస్తే అదే ఉంటుంది. మనం మార్చకపోతే దానంతట అది మారదు. లాకరు తాళంచెవి జాగ్రత్తగా దాచుకుని, లాకరు ఏ బ్యాంకులో ఉందో మరిచిపోయినట్టుంటుంది మన పని!

పాత నంబరు మూగబోయి ఊరుకుంటుందనుకుంటే అదీ పొరపాటే. మన దేశంలో వాడకం ఆగిపోయి రద్దయిన మొబైల్ నంబరును 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. మా "రాంగ్ నంబరు" పెద్దమనిషికి అలాగే వెళ్ళింది.

ఇది నా ఒక్కదాని మతిమరుపు కాదు లెండి. అమెరికాలో 53 జంతు సంరక్షణ కేంద్రాలకు చేరిన చిప్పున్న జంతువుల లెక్కలు తీసి 2009లో ప్రచురించారు. తప్పిపోయి వచ్చిన చిప్పున్న కుక్కల్లో సగానికి పైగా, 52 శాతం, యజమానుల దగ్గరికి చేరాయట. అన్ని కుక్కలూ కలిపి చూస్తే చేరినవి 22 శాతమే. పిల్లుల్లో అయితే చిప్పున్నవి 38 శాతం చేరితే, మొత్తం మీద చేరినవి రెండు శాతం కూడా లేవు. చిప్పుండి కూడా ఎందుకు చేరలేదో చూస్తే, అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన కారణం తప్పు ఫోన్ నంబరో, పనిచేయని ఫోన్ నంబరో! చూశారా, ఏ దేశమైనా ఇల్లాలి బీరువా ఒక్కటే.

ఇంగ్లండులో అయితే ఇది చట్టం. 2016 ఏప్రిల్ 6 నుంచి కుక్కలకు, 2024 జూన్ 10 నుంచి పిల్లులకు చిప్పు తప్పనిసరి చేశారు. చిప్పు వేయించి ఊరుకుంటే చాలదు, వివరాలు ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలి. నోటీసు ఇచ్చాక కూడా సరిచేయకపోతే 500 పౌండ్ల దాకా జరిమానా. మన దగ్గర పెంపుడు కుక్కలకు లైసెన్సు మున్సిపాలిటీ, కార్పొరేషన్ వాళ్ళ పని. చెన్నై కార్పొరేషన్ 2025లో లైసెన్సుతోపాటు చిప్పు కూడా తప్పనిసరి అంది. అక్కడున్న మన తెలుగువాళ్ళు గమనించుకోండి. పల్లెల్లో ఉన్న అక్కయ్యలకు ఇది కొత్తేం కాదు. ఆవులకూ గేదెలకూ చెవికి వేసే పసుపు ట్యాగు మీద 12 అంకెలు ఉంటాయి కదా, ఇదీ అలాంటిదే.

ఇక అసలు పని. ఒక మధ్యాహ్నం, పనులన్నీ అయ్యాక ఇలా చేయండి.

ముందు కార్డు వెతకండి. దొరక్కపోతే కంగారు పడొద్దు. ఈసారి టీకాకి వెళ్ళినప్పుడు "చిప్పు ఒకసారి స్కాన్ చేయండి" అని డాక్టరుగారిని అడగండి. నంబరు చెబుతారు. చిప్పు పనిచేస్తోందా, పక్కకు జరిగిందా అనేది కూడా తెలిసిపోతుంది. ఆ నంబరు టీకాల పుస్తకం మీద రాయించుకుని, క్యాలెండరు వెనకా, మీ ఫోనులోనూ రాసి పెట్టుకోండి.

తర్వాత ఆ నంబరు ఏ సంస్థలో నమోదైందో కనుక్కోండి. చిప్పు వేసిన డాక్టరుగారి దగ్గర తెలుస్తుంది. వాళ్ళకు ఫోన్ చేసి పేరు, అడ్రసు, ఫోన్ చదివి వినిపించమనండి. కొందరు చిప్పు వేయించుకుని నమోదు చేయించడమే మరిచిపోతారు. అప్పుడు ఆ చిప్పు ఉన్నా లేనట్టే.

మూడోది ముఖ్యం. ఫోన్ నంబరు ఎవరిది రాయాలి? మనిళ్ళలో ఏ ఫారం అయినా శ్రీవారి పేరుమీదే నింపుతాం. ఆయన మీటింగులో ఉంటే ఫోనెత్తరు. ఊళ్ళో లేకపోతే సరేసరి. పగలంతా ఇంట్లో ఉండేది మనం, అన్నం పెట్టేది మనం. కాబట్టి మన నంబరు ఉండి తీరాలి. రెండో నంబరుగా పిల్లలదో, చెల్లెలిదో రాయించండి. మా వీధిలో ఒక పెద్దావిడ భర్త పోయారు. ఆయన ఫోను ఆపించేశారు. ఆయన పెంచిన ముసలి కుక్క ఇప్పుడు ఆవిడకు తోడు. దాని చిప్పుకు ఇంకా ఆయన నంబరే ఉందని మొన్న మాటల్లో తెలిసింది. ఆవిడ చేత మార్పించాక గానీ నా మనసు కుదుటపడలేదు.

నాలుగోది, మున్సిపాలిటీ లైసెన్సు వేరు, చిప్పు నమోదు వేరు. ఒకచోట మారిస్తే రెండోచోట మారదు. రెండు చోట్లా మార్చుకోవాలి. కుక్కపిల్లను ఎవరికైనా ఇచ్చినా, ఎవరి దగ్గరైనా తెచ్చుకున్నా పేరు మార్పించుకోండి. లేకపోతే తప్పిపోయినప్పుడు ఫోను పాత యజమానికి వెళుతుంది. నేస్తం కన్నుమూసినా కబురు చెప్పేస్తే మంచిది.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి కుక్కను పంపేవాళ్ళకు ఒక మాట. 2024 ఆగస్టు 1 నుంచి ఆ దేశంలోకి వచ్చే కుక్కకు చిప్పు ఉండాలి, ఆరు నెలలు నిండాలి. మన దేశం నుంచి వెళ్ళేవాటికి ముందు చిప్పు, ఆ తర్వాతే రేబిస్ టీకా. ఈ వరస తప్పితే టీకా మళ్ళీ వేయించుకోవాల్సి వస్తుంది.

చిప్పుతోపాటు మెడపట్టీకి మీ ఫోన్ నంబరున్న బిళ్ళ కూడా కట్టండి. స్కానర్ అందరి దగ్గరా ఉండదు. బిళ్ళ మీది నంబరు ఎవరైనా చదువుతారు. మా బుజ్జికి ఇప్పుడు రెండూ ఉన్నాయి. బిళ్ళ గలగలలాడితే ఎక్కడుందో నాకూ తెలుస్తోంది!

వచ్చే దీపావళికి ఇంకా టైముంది కదా అని వాయిదా వేయకండి. ఈ పత్రిక పక్కన పెట్టగానే లేచి, పట్టుచీరల కింద చేయి పెట్టి చూడండి. కార్డు తగిలిందా? మరింకేం, ఫోను అందుకోండి.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం.