లండను – పారిసు: దూరమెంత? కాలమెంత?

నేడు మనలో ననేకుల బిడ్డలు సీమలో కాపురము లుండుచున్నారు. కూతురి పురిటికో, మనుమని చూచుటకో లండను చేరిన తల్లికి, పారిసు నగరము కూడ చూచి రావలెనని కోరిక పుట్టుట సహజము. “విమానములో గంటయే గదా!” యని పిల్లలు చెప్పుదురు. ఆ గంట యెట్టిదో తెలిసికొని బయలుదేరుట మేలని మా యభిప్రాయము.

ఈ రెండు నగరముల నడుమ తిన్నగా కొలిచిన దూరము సుమారు 340 కిలోమీటర్లు. దారిలో ఇంగ్లీషు ఛానెలను సముద్రపు పాయ యున్నది. 1909 జూలై 25వ తేదీన బ్లేరియో యను ఫ్రెంచి దేశీయుడు విమానముపై మొట్టమొదట దీనిని దాటెను. పట్టిన కాలము సుమారు 37 నిమిషములు. మన లెక్కకు ఘడియన్నర. 1919 ఆగస్టు 25వ తేదీన ఈ నగరముల నడుమ దినదినము నడచు విమానములు మొదలయ్యెను. నాడు రెండున్నర గంటలు పట్టెడిది.

నేటి విమానము గంటకు 800 కిలోమీటర్లు పోగలదు. ఆ లెక్కను అరగంట చాలవలెను. కాని కాలపట్టికలో సుమారు గంటంబావు వేయుదురు. ఏలయన, విమానము నేలపై మెల్లగా దొరలవలెను, వరుస వచ్చువరకు నాగవలెను. పైకెక్కి పూర్తివేగ మందుకొనునంతలో దిగవలసిన వేళ యగును.

గృహిణి వేయవలసిన లెక్క గడప నుండి గడపకు. హీత్రో విమానాశ్రయము లండను నడిబొడ్డునకు 20 కిలోమీటర్లకు పైగా దూరము. పారిసులోని షార్ల్ ద గోల్ విమానాశ్రయమును అంతే. రెండు గంటలు ముందుగా చేరి తనిఖీలకు నిలువవలెను. అన్నియు కలిపిన నాలుగైదు గంటలు తప్పవు. రైలన్ననో, 1994లో తెరచిన 50 కిలోమీటర్ల సొరంగమున సముద్రము క్రిందుగా పోయి, ఊరి నడుమ నెక్కినవారిని ఊరి నడుమనే దింపును; ప్రయాణము సుమారు 2 గంటల 20 నిమిషములు. గంట ముందుగా స్టేషను చేరినను, వృద్ధులకును పసిబిడ్డల తల్లులకును ఇదియే సుకరము.

పారిసు గడియారము లండను గడియారముకంటె ఒక గంట ముందుండును. 10 గంటలకు లండనులో బయలుదేరిన విమానము పారిసు కాలమున 12 గంటల 15 నిమిషములకు దిగును. తిరుగుప్రయాణమున 10 గంటలకు బయలుదేరినది లండను కాలమున 10 గంటల 15 నిమిషములకే చేరును! టిక్కెట్టుపై నుండునది ఆయా యూరి కాలమని యెరిగి, ఎదురువచ్చువారికి వేళ తెలుపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన దింకొకటి. భారతదేశపు పాస్‌పోర్టుతో చుట్టపుచూపుగా పోవువారికి బ్రిటను వీసా వేరు, ఫ్రాన్సు మొదలగు దేశముల షెంగెన్ వీసా వేరు. మొదటిది మాత్రమే యున్నచో లండను స్టేషనులోనే నిలిపివేయుదురు. షెంగెన్ వీసా ఒక్క ప్రవేశమునకే యిచ్చినదైనచో, పారిసు చూచి లండను వచ్చిన పిమ్మట మరల పారిసునకు పోవుటకు వీలులేదు. ఇంటికి మరలు టిక్కెట్టు పారిసు నుండి కొనియున్న తల్లి యవస్థ యేమి చెప్పవలెను? కావున సోదరీమణులారా, టిక్కెట్టు కొనకమునుపే వీసాపై నెన్ని ప్రవేశములు వ్రాసియున్నవో మీ కన్నులతో చదివి చూచుకొనుడు.