గీదం జనాభాను ఏ గడిలో రాయాలి?

అమెరికాలోని ఏ చిన్న పట్టణం గురించి చదివినా, జనాభా సంఖ్య తర్వాత తరచూ ఒక వాక్యం కనిపిస్తుంది. తెల్లవారు ఇంత శాతం, నల్లవారు ఇంత శాతం, ఆసియావారు ఇంత శాతం అని. 1790లో మొదలైన అక్కడి జనగణన ఏదో ఒక రూపంలో ఈ లెక్క అడుగుతూనే వస్తోంది. ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో ఉన్న గీదం గురించి అలాంటి వాక్యమే రాయాలంటే ఏం రాయాలి?

తెలుగులో ఈ ప్రశ్న అడగడమే కష్టం. 'జాతి' అనే ఒక్క మాటను రేస్‌కీ, తెగకీ, కులానికీ, దేశానికీ కూడా వాడుతున్నాం. గందరగోళం అక్కడే మొదలవుతుంది. స్వతంత్ర భారత జనగణన 'రేస్' అడగదు. మతం, మాతృభాష, షెడ్యూల్డ్ కులమా, షెడ్యూల్డ్ తెగా అన్నవి అడుగుతుంది. అన్ని కులాల వివరాలూ చివరిసారి వెలువడింది 1931 జనగణనలో. ఇప్పుడు 2027 జనగణనలో మళ్లీ అందరి కులాలనూ నమోదు చేయబోతున్నారు. అందువల్ల గీదం లాంటి పట్టణంలో ఏ గడిలో ఏం రాస్తారన్నది కాగితానికే పరిమితమైన విషయం కాదు. బడిలో ఏ భాష వినిపించాలి, ఆసుపత్రిలో ఎవరికి ఏ పరీక్ష చేయాలి అన్నవి కూడా ఆ రాతల మీద ఆధారపడతాయి.

కూడలి పట్టణం

జగదల్‌పూర్ నుంచి వచ్చే రోడ్డు గీదం దగ్గర చీలుతుంది. ఒక పాయ దంతెవాడ మీదుగా బైలదిల్లా ఇనుప గనుల వైపు వెళ్తుంది. ఇంకొకటి బీజాపూర్, భోపాలపట్నం దాటి తెలంగాణ వైపు వస్తుంది. ఉత్తరాన ఇంకో దారి బార్సూర్‌కు పోతుంది. కిరందుల్ ఖనిజాన్ని విశాఖపట్నం చేర్చే రైలు మార్గంలో గీదం ఒక స్టేషన్. పట్టణం పక్కనే జావంగాలో ఉన్న ఎడ్యుకేషన్ సిటీకి జిల్లా నలుమూలల పల్లెల నుంచి పిల్లలు వచ్చి చదువుకుంటారు.

ఇలాంటి చోట జనం ఒకే రకంగా ఉండరు. ఈ ప్రాంతంలో దండామి మాడియాలు, మురియాలు, హల్బాలు, ధుర్వాలు, భత్రాలు, మహారాలు ఉన్నారు. దక్షిణానికి వెళ్లేకొద్దీ దోర్లలు కనిపిస్తారు. వ్యాపారం కోసం, ఉద్యోగం కోసం బయటి నుంచి వచ్చి స్థిరపడినవారు వీరికి తోడు. మాడియాల గోండీ, ధుర్వాల పర్జి ద్రావిడ భాషలు. గోండీలో అంకెలు వింటే తెలుగువారికి చుట్టరికం తెలిసిపోతుంది: రెండుకు రండ్, మూడుకు ముండ్, నాలుగుకు నాలుంగ్. కానీ వేర్వేరు తెగలవారు సంతలో ఒకరితో ఒకరు మాట్లాడుకునేది ఎక్కువగా హల్బీలో. అది ఇండో ఆర్య భాష. ఇంట్లో ఒక కుటుంబం భాష, సంతలో మరో కుటుంబం భాష, బడిలో హిందీ. ఒక్క మనిషి రోజులో మూడు గడుల్లో తిరుగుతాడు.

ఈ కలయిక రైలు వచ్చాక మొదలైనది కాదు. ఛిందక నాగవంశీయుల కాలంలో, 11వ శతాబ్దంలోనే బార్సూర్‌లో తెలుగు శాసనం వేయించారు. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక కాకతి ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశం చెప్పుకుంది. 1703 నాటి దంతెవాడ శాసనంలో ఆ వంశకథ ఉంది. గోదావరికి ఇటూ అటూ రాకపోకలు వెయ్యేళ్ల నాటివి.

ముక్కు కొలతల నుంచి జన్యువుల దాకా

మనుషులను రేస్‌లుగా విడదీసే ప్రయత్నం మన దేశంలోనూ జరిగింది. 1901 జనగణనకు కమిషనర్‌గా పనిచేసిన హెర్బర్ట్ రిస్లీ ముక్కు పొడవు, వెడల్పుల నిష్పత్తితో కులాలనూ తెగలనూ వరుసలో పెట్టాడు. 1931 జనగణనకు బి.ఎస్. గుహ తల, ముఖం కొలతలు తీసి జనాభాను ఆరు రేస్‌లుగా విభజించారు. ఆ పేర్లు కొన్ని పోటీ పరీక్షల పుస్తకాల్లో ఇప్పటికీ బతికే ఉన్నాయి. విజ్ఞానశాస్త్రం మాత్రం వాటిని ఎప్పుడో వదిలేసింది. మానవ జన్యు వైవిధ్యంలో దాదాపు 85 శాతం ఒక్కో జనసమూహం లోపలే ఉంటుందని 1972లో రిచర్డ్ లెవొంటిన్ లెక్కగట్టాడు. ముక్కు చూసి వంశం చెప్పడం కుదరదు.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్‌లు డేవిడ్ రైక్ బృందంతో కలిసి 2009లో 'నేచర్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. 25 సమూహాలకు చెందిన 132 మందిని పరీక్షించగా, కులమైనా తెగైనా దాదాపు అందరిలోనూ రెండు ప్రాచీన వంశధారలు వేర్వేరు పాళ్లలో కలిసి ఉన్నాయని తేలింది. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల క్రితం వరకు సాగిందని 2013 నాటి మరో అధ్యయనం అంచనా వేసింది. స్వచ్ఛమైన సమూహం కోసం గీదంలో వెతికినా, హైదరాబాద్‌లో వెతికినా దొరకదు.

గోండుల మీదే 2017లో వచ్చిన అధ్యయనం ఇంకా ఆసక్తికరం. వారు మాట్లాడేది ద్రావిడ భాష. జన్యువుల్లో మాత్రం ఇతర ద్రావిడ భాషీయుల కంటే ముండా భాషలు మాట్లాడే సమూహాలతోనే వారికి ఎక్కువ వంశ సంబంధం కనిపించింది. అంటే భాష ఒక చరిత్ర చెబుతుంది, రక్తం మరొకటి చెబుతుంది. రెండూ నిజమే. ఒకదాన్ని చూసి రెండోదాన్ని ఊహించడమే తప్పు.

జాబితాలు చేసే మాయ

రేస్ గడి లేనంత మాత్రాన మన జాబితాలు సజావుగా ఉన్నాయని కాదు. ఛత్తీస్‌గఢ్ షెడ్యూల్డ్ తెగల జాబితాలో 'గోండు' అన్న ఒక్క పద్దు కిందే దండామి మాడియా, మురియా, దోర్ల, కోయ, ధుర్వా, మన్నెవార్ సహా దాదాపు 50 పేర్లు ఉన్నాయి. ధుర్వాల పర్జి వేరే భాష అయినా వారు ఈ పద్దులోనే ఉన్నారు. పైగా ఈ జాబితాలు రాష్ట్రానికొకటి. 2005 తర్వాత హింసకు భయపడి దక్షిణ బస్తర్ నుంచి ఖమ్మం, భద్రాచలం అడవులకు వచ్చిన కుటుంబాలకు గోదావరి తీరంలో తెగ ధ్రువపత్రం దొరకడమే సమస్య అయింది. నది దాటితే జన్యువులు మారవు, గడి మారుతుంది.

మహారాల సంగతి మరీ విచిత్రం. మహార్, మెహ్రా పేర్లు ఛత్తీస్‌గఢ్ షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉన్నా 'మహారా', 'మహ్రా' అన్న రూపాలు చేరడానికి 2023లో పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చింది. భాషల పద్దులూ అంతే. 2011 జనగణనలో ప్రజలు చెప్పిన 19,569 మాతృభాషల పేర్లను సరిచూసి 1,369కి, చివరికి 121 భాషలకు కుదించారు.

అమెరికా కూడా దీనికి అతీతం కాదు. అక్కడికి వెళ్లిన భారతీయుల 'రేస్' 1930 జనగణనలో 'హిందూ'. 1970లో వారిని తెల్లవారి కింద లెక్కించారు. 1980 నుంచి 'ఏషియన్ ఇండియన్' అయ్యారు. యాభై ఏళ్లలో మూడు రేస్‌లు మారిన మనిషి శరీరంలో మారిందేమీ లేదు.

ఆసుపత్రిలో తేలే నిజం

అయితే సమూహాల పేర్లే వద్దని తీర్మానించడం కూడా పొరపాటు. తరతరాలుగా లోపలే పెళ్లిళ్లు చేసుకునే చిన్న సమూహాల్లో కొన్ని జన్యు లోపాలు పేరుకుంటాయి. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలను సడలించడానికి వాడే మందు ప్రభావం చాలాసేపు వదలకుండా చేసే ఒక ఎంజైమ్ లోపం తెలుగు నాట వైశ్యుల్లో ఎక్కువ. ఆ సంగతి తెలిసిన వైద్యులు ఆపరేషన్‌కు ముందే జాగ్రత్త పడతారు. 'ద్రావిడులు' అన్న పెద్ద పేరు ఈ సమాచారం ఇవ్వలేదు. చిన్న పేరు ఇచ్చింది.

బస్తర్‌లో ఇదే పరీక్ష సికిల్ సెల్ రూపంలో ఎదురవుతోంది. తల్లిదండ్రులిద్దరూ ఈ జన్యువు వాహకులైతే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. వాహకులకు మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది, కాబట్టి మలేరియా ప్రాంతాల్లో ఈ జన్యువు నిలిచింది. దోమ తెగ పేరు అడగదు. ఛత్తీస్‌గఢ్‌లో సాహు, కుర్మీ వంటి తెగేతర సమూహాల్లోనూ సికిల్ సెల్ గణనీయంగా ఉంది. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ గిరిజన ప్రాంతాల మీద దృష్టి పెట్టడం సబబే. కానీ గీదంలో రక్తపరీక్ష గడిని చూసి చేస్తే, దుకాణం నడిపే ఇంటి పిల్లవాడిలోని జబ్బు చేతికి అందకుండా పోతుంది. అక్కడ పుట్టే ప్రతి బిడ్డకూ పరీక్ష జరగాలి. ఫలితాన్ని ఆ తల్లికి గోండీలోనో, హల్బీలోనో చెప్పే మనిషి కూడా ఉండాలి.

2027లో చేయవలసింది కూడా ఇంతే సూటిగా ఉంది. ఇంటివారు తమ సమూహానికి, మాతృభాషకు చెప్పిన పేర్లను గణకుడు చెప్పినట్టే రాయాలి. సమూహాన్ని బట్టి భాషను, భాషను బట్టి సమూహాన్ని ఊహించకూడదు. రాసిన పేర్లను పెద్ద పద్దుల్లో కలిపినా, విడి లెక్కలను కూడా ప్రచురించాలి. 'గోండు' అన్న ఒక్క అంకె వల్ల బడి పంతులుకు గానీ, వైద్యుడికి గానీ ఒరిగేది తక్కువ. గీదంలో ఎన్ని ఇళ్లలో హల్బీ, ఎన్నింట్లో దండామి మాడియాల గోండీ, ఎన్నింట్లో దోర్లీ, ఎన్నింట్లో తెలుగు వినిపిస్తాయో తెలిస్తే ఆ ఇద్దరికీ రేపటి పని తెలుస్తుంది.